రైలు పక్కనుంచి పోయింది, బస్సు ఊరిని నిలబెట్టింది

వరంగల్ నుంచి బెజవాడ దాకా నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పట్టాలు 1889లో పూర్తయ్యాయి. ఇల్లెందు బొగ్గు బయటికి రావడానికి, హైదరాబాద్ రాజ్యం కోస్తాతో కలవడానికి వేసిన దారి అది. మానుకోట (మహబూబాబాద్), డోర్నకల్, ఖమ్మం ఆ దారిలో స్టేషన్లయ్యాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని మరిపెడ మాత్రం పట్టాలకు దూరంగా ఉండిపోయింది. రైలొచ్చిన ఊరు పెరుగుతుంది, రాని ఊరు పల్లెగానే మిగులుతుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. అయినా 2018లో మరిపెడ పురపాలక సంఘమైంది. స్టేషన్ లేదు, పెద్ద ఫ్యాక్టరీ లేదు, జిల్లా కేంద్రమూ కాదు. మరి పట్టణమెలా అయింది? వరంగల్–ఖమ్మం రహదారిని మహబూబాబాద్, సూర్యాపేట దారులు కలిసే కూడలి కావడం ఒక కారణం. ఆ కూడలిలో ప్రభుత్వ బస్సు రోజూ ఆగడం అంతకన్నా పెద్ద కారణం.

మన ప్రాంతంలో ఆ బస్సుకు పాత చరిత్రే ఉంది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం మొదలైంది. అప్పుడు దానికున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు నడిపే సంస్థే బస్సులూ నడపడంలో ఒక ఆలోచన ఉంది: పట్టాలు చేరని చోటికి చక్రాలైనా చేరాలి. 1951 నవంబర్‌లో ఆ విభాగం హైదరాబాద్ ప్రభుత్వం చేతికొచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. చుట్టూ తండాలు, మిర్చి, పత్తి చేలు ఉన్న మరిపెడలాంటి చోటికి ఆ వరసలో వచ్చిన బస్సు ఇచ్చింది ఒక్క ప్రయాణ సౌకర్యమే కాదు. బస్సు వేళ తెలిస్తేనే తండా పిల్ల కాలేజీలో చేరుతుంది, రైతు విత్తనాలకు వచ్చి పొద్దుగూకేలోపు ఇల్లు చేరతాడు, దుకాణదారు ఏ పూట గిరాకీ ఉంటుందో లెక్క వేసుకుంటాడు. హోటల్, మందుల షాపు, ఎరువుల దుకాణం, బట్టల కొట్టు బస్టాండు చుట్టూ చేరేది అందుకే. నాలుగు వైపుల నుంచీ జనాన్ని ఒకేచోట దించే ఏర్పాటు ఉంటే బజారు దానంతటదే పుడుతుంది.

ఊరిని పెంచింది రహదారే, బస్సు కాదనే వాదన ఒకటుంది. రోడ్డు విలువను ఎవరూ కాదనరు. 2024 సెప్టెంబర్ మొదట్లో ఆకేరు వాగు పొంగి పురుషోత్తమాయగూడెం దగ్గర రోడ్డు తెగి, వరంగల్–ఖమ్మం రాకపోకలు ఆగినప్పుడు ఆ విలువ మళ్లీ తెలిసొచ్చింది. కానీ లారీ, కారు ఊరి మీదుగా దూసుకుపోతాయి. బస్సు ఆగుతుంది, మనుషుల్ని దించుతుంది. ఈ తేడా మున్ముందు ఇంకా పెద్దదవుతుంది. మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు కొత్త గ్రీన్‌ఫీల్డ్ రహదారి వస్తోంది. అలాంటి దారి ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగేది కాదు. దూరప్రయాణాల వాహనాలు అటు మళ్లితే, దారినపోయేవారి మీద బతికే వ్యాపారం తగ్గుతుంది. 1889లో రైలు పక్కనుంచి పోయినట్టే ఇదీ పోతుంది. అప్పుడు మరిపెడకు మిగిలే బలం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే జనమే. వాళ్లను తెచ్చేది పల్లెవెలుగు బస్సే.

షేర్ ఆటోలు ఉండగా నష్టాల బస్సు ఎందుకని ఇంకొందరు అడుగుతారు. ఆటో డ్రైవర్ల కష్టం నిజమైనదే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక తమ సంపాదన పడిపోయిందని వాళ్లు రోడ్డెక్కారు. ఆ గోడును ప్రభుత్వం పట్టించుకోవాలి. అయితే ఆటో నిండితేనే కదులుతుంది. మనుషులు తక్కువున్న పూట, తక్కువున్న దారిలో అది రాదు. గర్భిణికి నెలవారీ పరీక్ష రోజున, పిల్లకు పరీక్షల వేళ కావలసింది నిండినా నిండకపోయినా వచ్చే బండి. నష్టం సంగతికొస్తే, బడి, ఆసుపత్రి టికెట్ల ఆదాయంతో నడవవు. వాటిదాకా మనిషిని చేర్చే బస్సును మాత్రం టికెట్ల లెక్కతోనే తూచడం న్యాయం కాదు. ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్ తీసుకున్న తల్లి చేతిలో మిగిలిన చార్జీ ఏ కూరగాయలకో, నోటు పుస్తకాలకో ఖర్చయి బజారుకే చేరుతుంది. బస్సులు కిక్కిరిసిపోతున్నాయనే ఫిర్యాదు కూడా నిజమే. అవసరం ఎంతుందో అది చెబుతోంది. అందుకు మందు ట్రిప్పులు పెంచడమే.

బ్రెజిల్‌లోని కురిచీబా నగరం 1974లో బస్సులకు ప్రత్యేక దారులు వేసి, వాటి వెంబడే పెద్ద భవనాలు కట్టనిచ్చింది. ముందు బస్సు దారి, దాని వెంట ఊరు అన్నది అక్కడి సూత్రం. మరిపెడ ఆ నగరాన్ని పోలదు, కానీ ఆ సూత్రం చిన్న పట్టణానికే ఎక్కువ తేలిక. ఇక్కడి పురపాలక ప్రణాళిక బస్టాండు నుంచే మొదలు కావాలి. నీడ, నీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, రాత్రివేళ వెలుతురు, కూరగాయల మార్కెట్‌కూ ఆసుపత్రికీ నడిచిపోయే ఫుట్‌పాత్, తండాల నుంచి బడివేళకు అందే ట్రిప్పులు, వాటికి అనుబంధంగా ఆటోలకు స్టాండు. ఇవేవీ కోట్లు మింగే పనులు కావు. రైలును తెచ్చుకోవడం మరిపెడ చేతిలో లేదు. బస్సు వేళలను అడిగి సాధించుకోవడం, బస్టాండును ఊరికి నడిబొడ్డుగా నిలుపుకోవడం మాత్రం ఆ ఊరి చేతిలోనే ఉంది. వచ్చే పురపాలక బడ్జెట్‌లో వీధి దీపాలకూ డ్రైనేజీకీ ముందు ఈ పద్దు కనపడాలి.