కంచు కాసు చెప్పే చరిత్ర

చరిత్రను బంగారు నాణేల మీద చదవడం మనకు అలవాటు. రాజుల పేర్లూ, బిరుదులూ తెలుసుకోవడానికి అవి చాలు. కాని సంతలో రొట్టె కొన్న స్త్రీ చేతిలో ఉన్నది బంగారం కాదు, కంచు. పాలకుడి ముద్ర రోజూ ప్రజల చేతికి తగిలింది ఆ చిన్న బిళ్లమీదే. అందుచేత సామాన్యుని చరిత్ర కావాలనుకునేవారు కంచును కూడా చదవాలి. రోము ఏలుబడిలోని యూదయ దేశపు నాణేలు ఇందుకు మంచి నిదర్శనం. ఇవే నేడు బైబిలు స్మృతిచిహ్నాలుగా సేకర్తల బజారులో అమ్ముడవుతున్నాయి. ఆ అమ్మకంలో చరిత్రకు ఏమి నష్టం జరుగుతున్నదో మనం విచారించవలసి ఉన్నది.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. నాణేల శాస్త్రం నా వృత్తి కాదు. అయితే ఏ వాక్యాన్ని చూసినా ఎవరు చెప్పారు, ఎవరితో చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు అని అడగడం మా విద్యలో మొదటి పాఠం. నాణేన్ని కూడా అలాగే అడగవచ్చు.

మార్కు సువార్తలో ఒక పేద విధవరాలు దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేస్తుంది. తెలుగు బైబిలు "కాసు" అన్న నాణెం గ్రీకు మూలంలో లెప్టాన్. రెండు లెప్టాలు ఒక క్వాడ్రాన్స్ అని ఆ సువార్తే లెక్క చెబుతున్నది. రోమను లెక్కలో 64 క్వాడ్రాన్సులు ఒక వెండి దేనారం. ద్రాక్షతోటలో కూలివాని దినవేతనం ఒక దేనారమని మత్తయి సువార్తలోని ఉపమానం. అంటే ఆమె వేసినది ఒకనాటి కూలిలో 64వ వంతు! ఆమె దానగుణాన్ని బోధకులు కొనియాడతారు. కాని ఆ కథకు సరిగ్గా ముందు, విధవల ఆస్తులు కాజేసే శాస్త్రులను యేసు నిందిస్తాడు. రెండింటినీ కలిపి చదివితే అసలు ప్రశ్న వేరు: ఆమె దగ్గర రెండు కాసులే ఎందుకు మిగిలాయి?

క్రీ. శ. 26 నుండి 36 వరకు యూదయను పాలించిన పొంతి పిలాతు ముద్రించిన కంచు నాణేలు మరొక సంగతి చెబుతాయి. అతని ముందరి అధికారులు యూదుల మనసు నొప్పించని తాటిచెట్టు, ధాన్యపు వెన్ను వంటి బొమ్మలు వేశారు. పిలాతు నాణేల మీద చక్రవర్తి ముఖం లేదు గాని, రోమను శకున పురోహితుని వంకర కర్రా, దేవతలకు ద్రాక్షారసం ధారపోసే గరిటా ఉన్నాయి. పరాయి పూజాసామగ్రి బొమ్మ ముట్టనిదే పేదవాడు ఉప్పు కూడా కొనలేడు. సామ్రాజ్య అధికారమంటే సైన్యం మాత్రమే కాదు. చిల్లర కూడా అధికారమే.

క్రీ. శ. 66లో తిరుగుబాటు లేచింది. యెరూషలేములో తిరుగుబాటుదారులు రుణపత్రాలు దాచిన భవనాన్ని తగలబెట్టారనీ, అప్పులవాళ్లను తమవైపు తిప్పుకోవడమే వారి ఉద్దేశమనీ జోసీఫస్ రాశాడు. ఆయన తిరుగుబాటుకు మిత్రుడు కాడు. అందుకే ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ. పత్రాలు కాల్చినవారు నాణేలు కూడా ముద్రించారు. రెండవ, మూడవ సంవత్సరాల కంచు నాణేల మీద ప్రాచీన హెబ్రీ లిపిలో "సీయోను స్వాతంత్ర్యం" అని ఉన్నది. నాలుగవ సంవత్సరం వచ్చేసరికి ఆ మాట "సీయోను విమోచనకై" అని మారింది. స్వాతంత్ర్యం చేతికందినదన్న ధీమా పోయి, రక్షణ కోసం ఎదురుచూపు మిగిలినట్లు నాకు తోస్తుంది. నాయకులందరూ ప్రజాపక్షపాతులని నేననను. వారు తమలో తామే కత్తులు దూసుకున్నారు. 70లో నగరం పడిపోయింది. మరుసటి ఏడు వెస్పేసియన్ పెద్ద కంచు నాణెం మీద తాటిచెట్టు కింద ఏడుస్తున్న స్త్రీని చెక్కించి, యూదయ పట్టుబడిందని లాటిను అక్షరాల్లో చాటాడు. 132-135 నాటి బార్ కొఖ్బా తిరుగుబాటులో యూదులు దీనికి జవాబు చెప్పారు. చెలామణిలో ఉన్న నాణేలనే అరగదీసి వాటిమీద తమ ముద్ర కొట్టారు. కొన్నిటిపై కింద చక్రవర్తి ముఖం ఇంకా లీలగా కనిపిస్తుంది.

మన నేలతో ఈ కథకు సంబంధం లేకపోలేదు. కైసరు పన్ను గురించి అడిగినప్పుడు యేసు చూపించమన్నది దేనారం. అది తిబెరి కైసరుదని సేకర్తల నమ్మకం. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో అగస్టస్ దేనారాలతోపాటు తిబెరి దేనారాలు కూడా దొరికాయి. వర్తకుని వెండి సముద్రం దాటింది. విధవరాలి కంచు తన ఊరి సంతలోనే అరిగిపోయింది.

ఇక సేకరణ సంగతి. బజారులో "విధవరాలి కాసు"గా అమ్మేది చాలావరకు అలెగ్జాండర్ యన్నై రాజు (క్రీ. పూ. 103-76) ముద్రించినది. ఒకవైపు లంగరు, రెండవవైపు నక్షత్రం. అవి యేసు కాలంలో కూడా చెల్లాయి కనుక ఆమె చేతిలో అటువంటిదే ఉండవచ్చు. అంతకుమించి చెప్పడం వ్యాపారమే. సేకర్తలందరూ దోషులని అనడం అన్యాయం. వారి జాబితాలు లేకపోతే ఎన్నో రకాలు మనకు తెలిసేవి కావు. కాని దొంగచాటుగా తవ్వి తీసిన నాణేనికి ఊరు లేదు, పొర లేదు. కాలిన దూలం కింద దొరికిందా, కూలివాని గుడిసెలో దొరికిందా అన్నది తెలిస్తేనే అది చరిత్ర. ఇజ్రాయెలులో 1978 చట్టం ప్రకారం ఆ తర్వాత బయటపడే పురావస్తువులు ప్రభుత్వానివి; అయినా లైసెన్సు పొందిన వర్తకానికి అక్కడ అనుమతి ఉన్నది. పాత సరుకు పేరుతో కొత్త దొంగసొత్తు కలిసిపోవడానికి ఇంతకన్న అనుకూలమేమున్నది?

విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. నాణెం చూపి ధర చెప్పేవాణ్ణి మొదట దొరికినచోటు అడగండి. మన పొలాల్లో ఇటువంటివి బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలని రైతులకు చెప్పండి. రాజుల శాసనాలు రాతిమీద నిలుస్తాయి. పేదవారి సాక్ష్యం మాత్రం మట్టిపొరలో దొరికిన తీరులోనే ఉన్నది. దాన్ని చెరిపేస్తే మళ్లీ రాయగలవారు లేరు.