ఓడ అడుక్కి దిగినవాడి చరిత్ర

ఆదివారం పోస్టు కదా, కొంచెం పెద్దదే. టీ పెట్టుకుని నిదానంగా చదవండి.

మా గ్వెల్ఫ్‌లో సముద్రం లేదు. స్పీడ్, ఎరమోసా అని రెండు చిన్న నదులు ఊళ్ళో కలుస్తాయి, అంతే. అయినా చలి తగ్గిందంటే చాలు, ఇళ్ళ ముందు డ్రైవ్‌వేల్లో ప్లాస్టిక్ చుట్టి పెట్టిన బోట్లు బయటపడతాయి. ఓనర్లు వాటిని హ్యూరాన్ సరస్సుకో, ఈరీకో, జార్జియన్ బేకో లాక్కెళ్తారు. నీళ్ళలో దింపే ముందు ఎవరికీ ఇష్టం లేని పని ఒకటుంటుంది. ఇంజిన్ ఉండే అర, దాని కింద పడవ అడుగు, రెండూ కడిగి రంగు వెయ్యాలి. ఆ అడుగు భాగాన్ని బిల్జ్ అంటారు. ఎక్కడ కారినా ఆ నీళ్ళు, నూనె, పెట్రోలు, మురికి అన్నీ చివరికి చేరేది అక్కడికే.

ఈ పని క్యాష్ మీద మన కుర్రాళ్ళకి వస్తోంది. ఈ సీజన్లో ముగ్గురు నన్ను అడిగారు, "అన్నా, వెళ్ళొచ్చా?" అని. వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు అని ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. కానీ ఈ పనికి మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది, అందులో మన గోదారోళ్ళూ ఉన్నారు. అది తెలిస్తే జవాబు మీరే చెప్పుకుంటారు.

తెరచాప ఓడల కాలం నుంచి మొదలెడదాం. చెక్క ఓడ ఎంత బాగా కట్టినా కొంచెం నీరు ఊరుతూనే ఉంటుంది. అడుగున బరువు కోసం రాళ్ళు, ఇసక పోసేవాళ్ళు. నీళ్ళు వాటి కిందికి దిగి, పడవ పక్కటెముకల్లాంటి అడ్డచెక్కల్లో ఉన్న చిన్న చిన్న బొక్కల్లోంచి పంపు దగ్గరికి పారాలి. ఆ బొక్కలు పూడిపోతే నీళ్ళు నిలిచి కుళ్ళిపోతాయి. అందుకని వాటిలోంచి ఒక గొలుసు దూర్చి ఉంచి, అప్పుడప్పుడూ అటూ ఇటూ లాగేవాళ్ళు. అప్పటి నావికులకి ఒక లెక్క ఉండేది. అడుగునీళ్ళు కంపు కొడితే ఓడ గట్టిగా ఉన్నట్టు, కంపు లేకుండా తేటగా ఉంటే కొత్త నీరు లోపలికి వస్తోందన్నట్టు. అంటే కంపే మంచి వార్త. పైన ఉన్న కెప్టెన్‌కి మంచి వార్తే మరి. కిందికి దిగి కడిగేవాడికో?

ఆ కంపులో ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. మన ఊళ్ళో మ్యాన్‌హోళ్ళలో మనుషుల్ని చంపేది అదే. ఓడ గదుల్లో వెండి సామాన్లు, సీసం కలిపిన తెల్లరంగు ఆ గాలికి నల్లబడేవి. వెండిని నల్లబరిచే గాలి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆలోచించండి. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన 1741లో ఓడల్లోకి మంచిగాలి కొట్టే తిత్తుల్లాంటి యంత్రం గురించి రాయల్ సొసైటీ ముందు చదివాడు. ముందు గాలి మార్చాలి, తర్వాతే మనిషి ఉండాలి అన్న సంగతి అప్పటికే తెలుసన్నమాట. తెలిసీ రెండు వందల ఏళ్ళు అన్నిచోట్లా పాటించలేదు. ఎందుకంటే మనిషి చవక.

ఇప్పుడు మనూరు వద్దాం. కాకినాడకి దక్షిణాన, తాళ్ళరేవు దగ్గర కోరంగి ఉంది. ఇప్పుడు జనం మడఅడవులు చూడ్డానికి వెళ్తున్నారు. కంపెనీ కాలంలో అది తూర్పు తీరంలో ఓడలు కట్టడానికి, బాగుచెయ్యడానికి పేరున్న రేవు. 1800 తర్వాత తొలి ఏళ్ళలోనే అక్కడ పెద్ద ఓడల్ని బాగుచేసే డాక్ ఉండేది. పోటుకి ఓడని లోపలికి తెచ్చి, నీళ్ళు తగ్గాక పొట్ట బయటపెట్టి పనిచెయ్యడం ఇలాంటి రేవుల పద్ధతి. చెక్కల సందుల్లో పీచు కూరాలి, గుగ్గిలమో తారో పుయ్యాలి, లోపల రాళ్ళు తీసి అడుగు గీకాలి. ఆ పని చేసిన చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. తుఫాన్లకి మాత్రం పేరుంది. 1789లో, మళ్ళీ 1839లో వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచేశాయి. 1789 ఉప్పెన గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే 1848లో "సైక్లోన్" అనే మాట పుట్టించాడు. తర్వాత రేవు మేట వేసుకుపోయింది, వ్యాపారం కాకినాడకి పోయింది.

రేవు పోయినా దాని పేరు మనుషులకి అంటుకుపోయింది. బర్మాకి వెళ్ళిన తెలుగోళ్ళని అక్కడ "కోరంగీలు" అన్నారు. మన పెద్దవాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవాళ్ళు గుర్తుందా? బ్రిటిషోళ్ళు 1852లో దిగువ బర్మా తీసుకున్నాక, 1869లో సూయజ్ కాలవ తెరిచాక, బియ్యం ఎగుమతి పెరిగి రంగం రేవుకి వేలమంది కూలీలు కావలసి వచ్చారు. మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి కాకినాడ, విశాఖ వైపు నుంచి స్టీమరు డెక్కుమీద తీసుకెళ్ళారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా ఇండియా వాళ్ళే. మన వాళ్ళకి దొరికింది ఓడ కడుపులో పని. చీకట్లో, దుమ్ములో, బస్తాలు మొయ్యడం. అడ్వాన్సు తీరేదాకా కాదు, కూడదు అనడానికి లేదు. ఏజెంటుకి అప్పుపడి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

1930 మే నెలలో ఆ కూలీలు కాదన్నారు. కూలి పెంచమని పని ఆపేశారు. స్టీవ్‌డోర్ కంపెనీలు ఏం చేశాయి? ఆకలితో ఉన్న బర్మా కూలీల్ని తెచ్చి అదే ఓడల్లోకి దింపాయి. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదిరింది. మే 26న మనవాళ్ళు తిరిగి పనికి వచ్చేసరికి, బర్మా వాళ్ళని ఇంక పొమ్మన్నారు. ఆ పొద్దున్న రేవులో మొదలైన కొట్లాట రోజుల తరబడి ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే. కంపెనీ వాళ్ళకి ఏమీ కాలేదు. ఇద్దరు పేదోళ్ళని ఒకే నిచ్చెన దగ్గర నిలబెట్టి, "నువ్వు కాకపోతే ఇంకొకడు దిగుతాడు" అన్నారు చూడండి, ఆ ఒక్క మాట అంత పని చేసింది. మీరు కూడా ఈ మాట విన్నారు. నేనూ విన్నాను. భాష మారుతుంది, మాట అదే.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఇనప ఓడలొచ్చాక అడుక్కి తుప్పు ఆపడానికి ఎర్రసీసం పూసేవాళ్ళు. మనం సిందూరం అని పిలిచే ఆ ఎర్రపొడే. పాతది గీకేటప్పుడు ఆ దుమ్ము ఒంట్లోకి పోయి కడుపునొప్పులు, చేతులు పడిపోవడం వచ్చేవి. తెల్లరంగులోనూ సీసమే. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇళ్ళ లోపల సీసపు తెల్లరంగు వాడకూడదని ఒప్పందం చేసింది. పెయింటర్ల జబ్బు గురించి దేశాలు కూర్చుని మాట్లాడుకోడానికి అంతకాలం పట్టింది. ఇప్పుడు ఇంజిన్ అరకి తెలుపో లేత బూడిదరంగో వేస్తారు. అందం కోసం కాదు. నూనె చుక్క కారినా, గొట్టం చిట్లినా వెంటనే కనపడాలని. మంచి రంగు పని అంటే తప్పుని కప్పేది కాదు, చూపించేది.

పెట్రోలు ఇంజిన్లు వచ్చాక అడుగున కొత్త శత్రువు చేరాడు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, బిల్జ్‌లోకి దిగి కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అమెరికా 1940 మోటర్‌బోట్ చట్టంలోనే పెట్రోలు బోట్ల అడుక్కి గాలి ఆడే ఏర్పాటు ఉండాలన్నారు. ఇక్కడ కెనడాలో బోటు ఇంజిన్ తిప్పే ముందు 4 నిమిషాలు బ్లోయర్ ఆన్‌లో ఉంచమని బోర్డు రాసి ఉంటుంది, చూడండి. ఇంజిన్‌కి 4 నిమిషాల గాలి ఇచ్చిన చట్టం, అదే అరలోకి తల దూర్చి థిన్నరుతో తుడిచే కుర్రాడికి ఎంత ఇచ్చింది?

అక్కడికే వస్తున్నా. టొరంటోలో హాగ్స్ హాలో అనే చోట 1960 మార్చి 17న డాన్ నది కింద మంచినీళ్ళ పైపు కోసం తవ్విన సొరంగంలో మంట లేచింది. ఐదుగురు చనిపోయారు. ఐదుగురూ ఇటలీ నుంచి వచ్చిన వలస కూలీలు, అందులో ఇద్దరు అన్నదమ్ములు. మంట ఆర్పే సీసా కూడా లోపల లేదు. మా గ్వెల్ఫ్‌లో "ది వార్డ్" అనే పేటంతా ఒకప్పుడు ఇటాలియన్ కూలీలదే. ఇవాళ మనం చేసే పనులు అప్పుడు వాళ్ళు చేశారు. ఆ ఐదుగురి చావు తర్వాత ఒంటారియోలో గోల లేచి భద్రతా చట్టాలు మార్చారు. మళ్ళీ 1974లో ఎలియట్ లేక్ యురేనియం గని కార్మికులు ఊపిరితిత్తుల జబ్బులమీద పని ఆపారు. దానిమీద హామ్ కమిషన్ వేశారు, 1976లో రిపోర్టు వచ్చింది, 1979లో ఇప్పటి ఆరోగ్య భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. ప్రమాదం ఏంటో తెలుసుకునే హక్కు, భద్రత విషయంలో మాట చెప్పే హక్కు, ప్రమాదమైతే చెయ్యను అనే హక్కు. ఈ మూడూ ఆ గని కార్మికుల పుణ్యం.

ఆ చట్టం 43వ సెక్షన్‌లో ఒక చిన్న ముక్క ఉంది. సూపర్‌వైజర్ని కాబట్టి నాకు తరచూ పనికొస్తుంది. ఒకడు ప్రమాదమని పని కాదన్నాక, ఇన్‌స్పెక్టర్ వచ్చి తేల్చేలోపు అదే పనికి ఇంకొకడిని పెట్టాలంటే, మొదటివాడు కాదన్నాడని, ఎందుకు కాదన్నాడో ఆ రెండోవాడికి చెప్పి తీరాలి. అర్థమైందా? రంగం రేవులో జనాన్ని చంపిన "ఇంకొకడు దిగుతాడు" అన్న మాటకి చట్టం ఇచ్చిన జవాబు ఇది. దింపితే దింపు, కానీ వాడికి చెప్పి దింపు.

ఇక్కడే చిక్కు. ఇంటి యజమాని తన ఇంటి దగ్గర నేరుగా పెట్టుకున్న పనికి ఈ చట్టం వర్తించని సందర్భాలు ఉన్నాయి. అంటే డ్రైవ్‌వేలో క్యాష్ మీద చేసే బోటు పనికి ఇన్‌స్పెక్టర్ వస్తాడని ఆశపెట్టుకోకండి. మూసిన చోట్ల గురించి ఒంటారియోకి వేరే రెగ్యులేషన్ ఉంది, 632/05. గాలిలో ఆక్సిజన్ నూటికి 19.5 కంటే తగ్గినా, 23 దాటినా ప్రమాదమే అంటుంది. మామూలు గాలిలో 20.9 ఉంటుంది. చూశారా, తేడా ఎంత సన్ననిదో. మూసి ఉన్న ఇనప అరలో ఉత్త తుప్పు పట్టడమే ఆక్సిజన్ని తినేస్తుంది. ముక్కుని నమ్మకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముందు చచ్చిపోయేది వాసన పట్టే శక్తే.

కాబట్టి నన్ను అడిగిన ముగ్గురికీ, అడగని మిగతావాళ్ళకీ చెప్తున్నా. ముందు బ్యాటరీ వైర్లు తీసెయ్యాలి. మూతలన్నీ తెరవాలి. ఫ్యాన్ బయట పెట్టి, గొట్టంతో మంచిగాలి అడుగుదాకా పంపాలి. ఇంట్లో ఫ్యాన్ లోపల పెడితే దాని నిప్పురవ్వ చాలు. గ్యాస్ మీటరు లేకుండా తల కిందికి పెట్టకూడదు. ఫిల్టరు మాస్కు ఆవిరిని ఆపుతుందేమోగాని ఆక్సిజన్ పుట్టించదు. నూనె పీల్చే ప్యాడ్లతో ఎత్తి వేస్ట్ డిపోకి ఇవ్వాలి, కాలవలోకి పొయ్యకూడదు. పాత బోటైతే పాతరంగు పొడిగా గీకొద్దు, సీసం ఉండొచ్చు. రెండు డబ్బాలు కలిపే పాలీయురేథేన్ రంగులో ఐసోసయనేట్ ఉంటుంది, ఆస్తమా తగిలిస్తుంది. రంగు వేసేటప్పుడు నీళ్ళు పారే ఆ చిన్న బొక్కలు మూసెయ్యకండి, మూడొందల ఏళ్ళ కిందట గొలుసుతో కాపాడినవి అవే. బయట ఒక మనిషి కచ్చితంగా ఉండాలి. లోపలివాడు పడిపోతే ఆ మనిషి దిగకూడదు, 911కి కొట్టాలి. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ 1986లో ఇచ్చిన లెక్క ప్రకారం ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్ళలో నూటికి అరవైమందికి పైగా కాపాడ్డానికి దిగినవాళ్ళే.

ఇవన్నీ ఓనరు ఒప్పుకుంటే వెళ్ళండి, మంచి పనే, మంచి డబ్బే. ఓడ బతుకంతా దాని అడుగు మీదే ఉంది, ఆ అడుగు చూసుకునేవాడు చిన్నవాడు కాదు. ఒప్పుకోకపోతే వద్దనండి. ఆ తర్వాత ఇంకో పని చెయ్యండి. మీరు వద్దన్న పని సాయంత్రానికి ఇంకో గ్రూపులో పడుతుంది, ఇంకొక కుర్రాడు ఫోన్ చేస్తాడు. తెలుగువాడు కావచ్చు, పంజాబీ కావచ్చు, ఫిలిప్పీన్స్ వాడు కావచ్చు. చట్టం అందని డ్రైవ్‌వేలో ఆ 43వ సెక్షన్ పని మనమే చెయ్యాలి. మీరు ఎందుకు వద్దన్నారో ఆ రెండోవాడికి చెప్పండి.