విత్తిన గింజకు సాక్ష్యం

అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటకకు ఆనుకుని ఉన్న గుమ్మఘట్ట మండలంలో విత్తనం కొనుక్కోవడం తాతల నాటి అలవాటేమీ కాదు. కొర్ర, సజ్జ, జొన్న పండినన్నాళ్లూ విత్తనం ఇంట్లోనే ఉండేది. కళ్లంలో మంచి కంకులు ఏరి, గింజలకు బూడిద పట్టించి, కుండలో పోసి మూతి మూసేవారు. ఇంట్లో గింజ లేనివాడు పక్క రైతు దగ్గర నాగుకు తెచ్చుకునేవాడు. పంట చేతికొచ్చాక తెచ్చినదానికి వడ్డీగింజ కలిపి కొలిచేవాడు. మొలక రాకపోతే గింజ ఎవరిచ్చారో ఊరికంతా తెలుసు. ఆ మనిషి ఎదురింటి అరుగు మీదే కూర్చుని ఉంటాడు. తగవు రచ్చకట్ట దాటేది కాదు.

వేరుశెనగ వచ్చాక ఆ పద్ధతి నిలవలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని జిల్లాలో, ఎర్రనేలల మీద, శెనక్కాయ ఒక్కటే నాలుగు రూపాయలు కళ్లజూపించే పంట అయింది. మండలంలోనే వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అయితే ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం నిండి పొర్లితే తప్ప ఆ నదికి నిండు ప్రవాహం రాదు. అందుకే ఇక్కడి సేద్యమంతా వాన మీదే. ఉమ్మడి జిల్లాలో వేరుశెనగ ఒక దశలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పాకింది. ఈ పంటకు విత్తనం ఖర్చు ఎక్కువ. ఎకరాకు యాభై కిలోలకు అటూ ఇటూగా గింజలు కావాలి. ఒక్క ఏడు వాన మోసం చేస్తే విత్తనకాయలు ఇంటి తిండికో అప్పుకో పోతాయి. మరుసటి ఏడు బయట కొనాల్సిందే. టీఎంవీ-2 రకం పోయి కదిరి-6 వచ్చింది, రాయితీ విత్తనం కోసం తెల్లవారుజామున క్యూలు వచ్చాయి, వాటితోపాటు కంపెనీ పొద్దుతిరుగుడు సంచులూ వచ్చాయి. గింజ అమ్మినవాడు ఎదురింటి అరుగు మీంచి లేచి, ఏ హైదరాబాదులోనో, మహారాష్ట్రలోనో ఉండే పేరుగా మారిపోయాడు.

అలాంటి పేరు మీద ఫిర్యాదు చేయడానికి 1986 దాకా రైతుకు సరైన చోటే లేదు. 1930 నాటి వస్తువిక్రయ చట్టం ఉంది గానీ, దాని కింద సివిల్ కోర్టుకు వెళ్లాలంటే స్టాంపు రుసుము, వకీలు, ఏళ్ల తరబడి వాయిదాలు. 1966లో విత్తనాల చట్టం వచ్చింది. నాసిరకం విత్తనం అమ్మినవాడికి శిక్ష వేయడం దాని పని. నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే దారి అందులో పెట్టలేదు. ఇన్‌స్పెక్టరు కేసు పెట్టి, కోర్టు జరిమానా వేసినా, ఆ డబ్బు సర్కారు ఖజానాకే చేరేది. చేను మాత్రం బీడుగానే ఉండేది.

1985 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. మరుసటి ఏడాది డిసెంబర్ 24న భారత వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అది మూడు మెట్ల కట్టడం. జిల్లాకో ఫోరం, రాష్ట్రానికో కమిషన్, దేశానికంతటికీ ఢిల్లీలో జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. జిల్లా ఫోరంలో జిల్లా జడ్జి అర్హత ఉన్న అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలని చట్టమే చెప్పింది. రాష్ట్ర కమిషన్‌కు హైకోర్టు జడ్జి, జాతీయ కమిషన్‌కు సుప్రీంకోర్టు జడ్జిగా పనిచేసినవారు అధ్యక్షులు. జడ్జీలు కాని సభ్యులను పక్కన కూర్చోబెట్టడంలో ఉద్దేశం ఉంది. బియ్యంలో రాళ్లు, ప్రెషర్ కుక్కర్ పేలడం, చిట్‌ఫండ్ ఎగవేత వంటివి తేల్చడానికి చట్టంతోపాటు లోకజ్ఞానమూ కావాలని శాసనకర్తలు తలచారు.

ఏ తగవు ఏ మెట్టు దగ్గర మొదలవ్వాలో డబ్బు లెక్క తేలుస్తుంది. మొదట్లో లక్ష దాకా జిల్లాకు, పది లక్షల దాకా రాష్ట్రానికి, ఆపైన ఢిల్లీకి. 1993లో ఆ హద్దులు 5, 20 లక్షలయ్యాయి. 2003 నుంచి 20 లక్షలు, కోటి. 2019 చట్టం వాటిని ఒక్కసారిగా కోటి, పది కోట్లు చేసింది. 2021 డిసెంబర్ చివర మళ్లీ 50 లక్షలు, 2 కోట్లకు దించారు. ఈ అంకెలకంటే పెద్ద మార్పు మరొకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పాత చట్టంలో వస్తువు వెలకు అడిగే పరిహారం కలిపి లెక్క కట్టేవారు. 2019 చట్టంలో కొనుగోలుదారు చెల్లించిన వెల ఒక్కటే లెక్క. విత్తనానికి కొన్ని వేలు పెట్టి లక్షల పంట పోగొట్టుకున్న రైతు ఇప్పుడు ఎంత అడిగినా మొదటి మెట్టు మీదే నిలబడాలి. ఢిల్లీ అతనికి చివరి మెట్టే.

జాతీయ కమిషన్ 1988లో పని మొదలుపెట్టింది. సుప్రీంకోర్టులో పనిచేసి వచ్చిన జస్టిస్ వి. బాలకృష్ణ ఎరాడి మొదటి అధ్యక్షుడు. అధ్యక్షుడితోపాటు కనీసం నలుగురు సభ్యులుండాలి. వారు బెంచీలుగా విడిపోయి కేసులు వింటారు. కమిషన్ చేతికి మూడు రకాల పనులు వస్తాయి. తన డబ్బు హద్దులోకి వచ్చే పెద్ద ఫిర్యాదులను నేరుగా వింటుంది. రాష్ట్ర కమిషన్లు మొదటగా తేల్చిన కేసులపై అప్పీళ్లు తీసుకుంటుంది. కింది కమిషన్ తన అధికారం మీరినా, ఉన్న అధికారం వాడకపోయినా ఆ రికార్డు తెప్పించి చూస్తుంది. దీన్ని రివిజన్ అంటారు. రాష్ట్ర కమిషన్ల పనితీరుపై అజమాయిషీ కూడా దానిదే. సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో సివిల్ కోర్టుకున్న అధికారాలు దానికి ఉన్నాయి. ఆదేశం పాటించనివారిని జైలుకు పంపగలదు. కొత్త చట్టంలో ఆ శిక్ష నెల నుంచి మూడేళ్లు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

నేరుగా ఢిల్లీకి వెళ్లిన కేసు ఎలా నడుస్తుందో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిది. 1990లో అక్కడ ఆపరేషన్ తర్వాత ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము కింద భాగం చచ్చుబడింది. జాతీయ కమిషన్ 1999లో పదిహేనున్నర లక్షల పరిహారం ప్రకటించింది. 2009లో సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలు చేసింది. ఆపరేషన్ బల్ల నుంచి తుది తీర్పుకు పందొమ్మిదేళ్లు పట్టింది.

ఆ కేసులో కనీసం కేస్‌షీట్లున్నాయి. విత్తనం సంగతి వేరు. చట్టం రాసినవారి మనసులో ఉన్న వినియోగదారుడు పట్నవాసి. చెడిపోయిన మిక్సీని సంచిలో పెట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టగలడు. పాత చట్టం 13వ సెక్షన్ ఆ మనిషికి తగ్గట్టే ఉండేది. వస్తువులో లోపం చూడగానే తేలకపోతే, ఫోరం నమూనా తీసుకుని, సీలు వేసి, ప్రయోగశాలకు పంపాలి. మరి గింజకు నమూనా ఎక్కడిది? వాన పడిందంటే పదును ఆరేలోపు విత్తాలి. తెల్లారేసరికి గొర్రు కట్టి, సాయంత్రానికి బస్తా ఖాళీ చేస్తారు. వారం పది రోజులకు సాళ్లలో మొలకలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించేసరికి, పరీక్షకు పంపాల్సిన వస్తువు కుళ్లి మట్టిలో కలిసి ఉంటుంది.

మిగిలేది ఒక చీటీ. విత్తన బస్తా మూతి దారంతో కలిపి కుట్టి ఉంటుంది. ధ్రువీకరించిన విత్తనమైతే నీలం, మూలవిత్తనమైతే తెలుపు, కంపెనీ తన పూచీ మీద అమ్మేదైతే ఆకుపచ్చ. దాని మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉంటాయి. వేరుశెనగకు మొలక శాతం కనీసం 70 ఉండాలి. కొడవలితో కుట్టు తెంపగానే ఆ చీటీ గాలికి కొట్టుకుపోతుంది. కేసు సగం అక్కడే పోతుంది.

ఈ చిక్కు మీద మొదటి గట్టి జవాబు ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే వచ్చింది. పొద్దుతిరుగుడు విత్తనం మొలవలేదని రైతులు మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ మీద ఫిర్యాదు చేశారు. వ్యవసాయాధికారి చేను చూసి మొలక రాలేదని రాశారు. ప్రయోగశాల పరీక్ష లేదు కాబట్టి కేసు చెల్లదని కంపెనీ వాదించింది. పరీక్ష కావాలనుకుంటే తన దగ్గరున్న విత్తనాన్ని పంపించమని కంపెనీయే అడగవచ్చు గదా అన్నది తీర్పు సారం. 1998లో సుప్రీంకోర్టు రైతుల వైపు నిలిచింది.

పూర్తి జవాబుకు మరో పద్నాలుగేళ్లు పట్టింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని విత్తనంతో నష్టపోయామని ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల రైతులు ఫోరాలకు వెళ్లి గెలిచారు. సంస్థ రాష్ట్ర కమిషన్‌కు, అక్కడి నుంచి జాతీయ కమిషన్‌కు, చివరకు సుప్రీంకోర్టుకు వెళ్లింది. విత్తనాల చట్టం ఉండగా ఈ ఫోరాలకు పనేమిటని, ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉందని, సంస్థకే తిరిగి అమ్మే ఒప్పందంపై విత్తనం పండించేవాళ్లు వ్యాపారులవుతారు గాని వినియోగదారులు కారని, ప్రయోగశాల పరీక్ష జరగలేదని నాలుగు వాదనలు పెట్టింది. 2012 జనవరి 16న అన్నీ వీగిపోయాయి. వినియోగదారుల చట్టం ఇచ్చేది మిగతా చట్టాలకు అదనపు దారి. బతుకుతెరువుకు సేద్యం చేసుకునేవాడు వినియోగదారుడే. రైతు కొన్న గింజంతా విత్తేస్తాడు. రేపు కేసు పడుతుందని కొంత దాచిపెట్టమని అతణ్ణి అడగడం కుదరదు. నిబంధనల ప్రకారం లాట్ల రికార్డులు, నమూనాలు ఉంచుకోవాల్సింది అమ్మేవాళ్లే. అప్పీళ్లు కొట్టేసి, ఒక్కో రైతుకు 25 వేల రూపాయల ఖర్చులు చెల్లించమని కోర్టు సంస్థను ఆదేశించింది. మెట్ట రైతుకు ఈ చట్టం నిజంగా చేతికందింది 1986లో కాదు, ఆ రోజున.

అంతమాత్రాన మొలవని ప్రతి గింజా పరిహారం తేలేదు. మొలక రాకపోవడానికి పదును చాలకపోవడం, లోతుగా విత్తడం, చౌడు, ఉప్పునీరు వంటి కారణాలు ఎన్నో ఉంటాయని కంపెనీలు వాదిస్తూనే వచ్చాయి. ఆ వాదనలో నిజం లేకపోలేదు. గుమ్మఘట్ట లాంటి చోట విత్తిన రెండో రోజు నుంచి నెల దాకా చినుకు పడని ఏడాదులు తక్కువేమీ కాదు. హరియాణా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో 2005లో సుప్రీంకోర్టు సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. కంపెనీకి కబురు చేయకుండా జరిగిన తనిఖీలను, లోపం గింజదేనని తేల్చి చెప్పని నివేదికలను కమిషన్లు పక్కన పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే కేసు ఢిల్లీలో నిలుస్తుందా లేదా అన్నది చాలాసార్లు మండల వ్యవసాయాధికారి గట్టు మీద నిలబడి రాసిన నాలుగు వాక్యాలను బట్టే ఉంటుంది. ఒకే లాట్ విత్తిన పక్క చేలూ మొలవలేదని, వేరే విత్తనం వేసిన చేను అదే వానకు మొలిచిందని అందులో ఉంటే, ఆ కాగితం బరువే వేరు.

ఇక దూరం సంగతి. గుమ్మఘట్ట నుంచి అనంతపురం పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. అప్పీలు పడితే హైదరాబాదు, రాష్ట్రం విడిపోయాక విజయవాడ. ఆపైన ఢిల్లీ. పాత చట్టంలో ఫిర్యాదు ఎక్కడ వేయాలన్నది ఎదుటి పక్షం ఉండే చోటును బట్టి, లేదా తగవు పుట్టిన చోటును బట్టి ఉండేది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఫిర్యాదుదారుడి నివాసాన్నీ అందులో చేర్చింది. ఫోరాలకు కమిషన్లని పేరు మారింది. రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు గడువు 30 రోజుల నుంచి 45 రోజులైంది. అప్పీలుకు వెళ్లే కంపెనీ, తీర్పు చెప్పిన మొత్తంలో సగం ముందుగా జమ కట్టాలి. పాత చట్టంలో జిల్లా తీర్పు మీద ఆ జమ 25 వేలు దాటేది కాదు కాబట్టి, డబ్బున్నవాళ్లకు అప్పీలు ఊరికే కాలయాపన చేసే సాధనంగా ఉండేది. జిల్లాలో మొదలైన కేసు ఇప్పుడు రెండో అప్పీలుగా ఢిల్లీ చేరాలంటే, ముఖ్యమైన న్యాయప్రశ్న ఉందని జాతీయ కమిషన్ ఒప్పుకోవాలి. ఒకే నష్టం తగిలిన రైతులంతా అనుమతి తీసుకుని ఒకే ఫిర్యాదు వేయవచ్చు. వీడియో ద్వారా విచారణ కోరవచ్చు.

మారనిది కాలయాపన ఒక్కటే. మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో ఫిర్యాదు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నిమ్స్ కేసునూ విత్తన కేసులనూ చూశాక ఆ గడువును ఆశగానే చదవాలి. ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, పొడిగింపు 15 రోజులు మాత్రమేనని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గీత గీసింది. ఖాళీ కుర్చీలకు మాత్రం ఏ ధర్మాసనమూ గీత గీయలేకపోయింది. అధ్యక్షుడో సభ్యులో లేక కమిషన్లు నెలల తరబడి మూతబడిన రాష్ట్రాలు చాలా ఉన్నాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయినా గుమ్మఘట్ట అనంతపురంలోనే ఉంది. ఇక్కడి రైతు కొన్న విత్తనం వెల 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ఆన్‌లైన్ వేదిక ద్వారా దగ్గరి పట్టణం రాయదుర్గంలో కూర్చునైనా వేయవచ్చు. బిల్లు, బస్తా చీటీ, వ్యవసాయాధికారి నివేదిక జతచేయాలి. నష్టం తెలిసిన నాటి నుంచి గడువు రెండేళ్లు.