పొగను దాచిన గాజు మేడ

లండన్ శివార్లలోని క్యూ ఉద్యానవనంలో, విక్టోరియా గేటు పక్కన 107 అడుగుల ఇటుక గోపురం ఒకటుంది. చూసినవాళ్లు ఇటలీ తరహా గంటస్తంభం అనుకుంటారు. నిజానికది పొగగొట్టం! తాటి, కొబ్బరి జాతుల కోసం కట్టిన 'పామ్ హౌస్' అక్కడికి చాలా దూరం. ఆ గాజు మేడ నేలమాళిగలో బొగ్గు బాయిలర్లు మండేవి. పొగ కంటబడితే తోట అందం చెడుతుందని, దాన్ని సొరంగంలోంచి నడిపించి ఈ గోపురం మీదుగా వదిలే ఏర్పాటు చేశారు. ఆ సొరంగంలోనే చిన్న పట్టాలు వేసి బొగ్గు తోలేవారు. రాజమండ్రిలో ఊరికే దొరికే ఉక్కపోత కోసం ఇంత తతంగం.

అంతా అనుకున్నట్టు సాగలేదు. పొగ అంత దూరం సరిగా లాగేది కాదు, నేలమాళిగలోకి నీళ్లు ఊరేవి. తర్వాతి కాలంలో బాయిలర్లనే గోపురం దగ్గరికి మార్చారు. ఒకప్పుడు పొగ వెళ్లిన సొరంగంలోంచి ఇప్పుడు వేడినీటి గొట్టాలు వస్తున్నాయి.

చలిదేశంలో ఎండదేశపు పంట తినాలన్న యావ కొత్తదేమీ కాదు. రోమ్ చక్రవర్తి టైబీరియస్‌కు రోజూ దోసకాయ ఉండాల్సిందేనట. తోటవాళ్లు చక్రాల మళ్లలో పాదులు పెట్టి ఎండలోకి తోసేవారనీ, చలిలో పలచటి పారదర్శక శిలాఫలకాల కిందికి చేర్చేవారనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ తర్వాత శతాబ్దాలు ఒక్క గంతులో దాటేయొచ్చు. యూరప్ దొరలు నారింజ చెట్లకు కట్టించినవి పెద్ద కిటికీల రాతి గదులే. పక్క నుంచి తప్ప పైనుంచి వెలుతురు రాదు. తాటికి అది చాలదు.

పామ్ హౌస్ అసలు కథ 1844లో మొదలైంది. వాస్తుశిల్పి డెసిమస్ బర్టన్, డబ్లిన్‌కు చెందిన ఇనుప పనివాడు రిచర్డ్ టర్నర్ చేతులు కలిపారు. మేడలో ఎక్కువ స్తంభాలుంటే చెట్లు విప్పారడానికి చోటుండదు. అందుకని ఓడల తయారీలో వాడే సాగగొట్టిన ఇనుప దూలాలను వంచి పక్కటెముకల్లా నిలబెట్టారు. గాజుకు బరువును బట్టి పన్ను కట్టాల్సిన రోజులవి. పని సాగుతుండగానే, 1845లో ఆ పన్ను పోయింది. 1848కి 363 అడుగుల పొడవు, నడుమ 66 అడుగుల ఎత్తుతో మేడ పూర్తయింది. దానికి పట్టిన అద్దాలు సుమారు 16,000.

ఆ అద్దాలు ఆకుపచ్చవి. తెల్లగాజులోంచి పడే ఎండకు ఆకులు మాడతాయని శాస్త్రవేత్త రాబర్ట్ హంట్ సలహా మేరకు గాజులో రాగి ఆక్సైడ్ కలిపారు. లండన్ పొగకు వెలుతురే కరువైన 19వ శతాబ్దం చివర్లో ఆ రంగు మానేశారు. పచ్చటి వెలుగులో ఆ చెట్లు ఎలా కనిపించేవో చూసే భాగ్యం మన తరానికి లేదు.

లోపల ఇనుప మెట్లు గుండ్రంగా తిరుగుతూ పై వసారాకు చేరుస్తాయి. తాటిమట్టలను పైనుంచి చూడటం గీత కార్మికులకు తప్ప మనవాళ్లకూ కొత్తే. కప్పును తాకిన చెట్టుతోనే చిక్కు. మామిడి కొమ్మలా కత్తిరించడానికి వీల్లేదు, మొవ్వు నరికితే చెట్టే పోతుంది.

కింద కుండీలో ఒరిగిన ఓ ముసలి మొక్కది ఇంకో కథ. మన అపార్టుమెంట్ల ముందుండే సైకస్‌కు అది దూరపు చుట్టం. మొక్కల సేకర్త ఫ్రాన్సిస్ మాసన్ దాన్ని 1775లో దక్షిణాఫ్రికా నుంచి తెచ్చాడు. పామ్ హౌస్‌లోకి మారకముందు, 1819లో ఒక్కసారి మొగ్గలాంటి శంకువు వేసింది. దాన్ని చూడటానికి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పనిగట్టుకుని వచ్చాడు. మరుసటేడే ఆయన పోయాడు. మొక్క బతికే ఉంది.

ఈ మేడకు అన్నలాంటిది చాట్స్‌వర్త్‌లోని 'గ్రేట్ స్టవ్'. జోసెఫ్ పాక్స్టన్ కట్టిన ఆ అద్దాల ఇంట్లో 1843లో విక్టోరియా రాణి గుర్రపు బండిలోనే తిరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు కరువై మొక్కలు చచ్చాయి. 1920లో దాన్ని మందుగుండు పెట్టి కూల్చారు. ఆ పని చేయించింది పాక్స్టన్ మనవడే! క్యూ మేడకు 1980ల్లో అదృష్టం పట్టింది. మొత్తం ఖాళీ చేసి, అద్దాలన్నీ మార్చి నిలబెట్టారు. చాట్స్‌వర్త్ కోసం ఎవరైనా కొన్నాళ్లు ఓపిక పట్టి ఉంటే ఎంత బాగుండేది!

పాక్స్టన్ రూపకల్పన చేసిన లండన్ గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్ కూడా 1936 నవంబరు 30న కాలిపోయింది. దాని పోలికతో బెంగళూరు లాల్‌బాగ్‌లో కట్టిన గాజింటికి శంకుస్థాపన జరిగింది 1889లో, అదే నవంబరు 30న. జనవరి, ఆగస్టు పూల ప్రదర్శనలకు వెళ్లే అనంతపురం, చిత్తూరువాళ్లు పూలతోపాటు తలెత్తి కప్పునూ చూడాలి. ఆ ఇనుము గ్లాస్గో నుంచి ఓడలో వచ్చింది.