అవయవానికి శాతం, జీవికకు శాతం: పరిహార చట్టాలలో వైకల్య నిర్ణయ చరిత్ర

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలులో కుడిచేయికి 70, ఎడమచేయికి 60. చేయి మోచేతి వద్ద గానీ అంతకు పైన గానీ తెగినప్పుడు వర్తించే అంకెలివి. మోచేతికి దిగువన తెగితే కుడిచేతికి 60, ఎడమచేతికి 50. కాలు మోకాలి వద్ద లేదా ఆ పైన పోతే 60, దిగువన పోతే 50. వినికిడి శాశ్వతంగా, పూర్తిగా పోతే 50, ఒక కన్ను పోతే 30, బొటనవేలికి 25, చూపుడువేలికి 10, తక్కిన చేతివేళ్లలో దేనికైనా 5. ఈ అంకెలకు చట్టం పెట్టిన పేరు 'సంపాదనా సామర్థ్య నష్ట శాతం'. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి వయోజన కార్మికునికి 42 నెలల వేతనం గానీ 3,500 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది ఇచ్చేవారు. నెలకు 20 రూపాయల వేతనం గల కార్మికుని లెక్క చూస్తే సంపూర్ణ వైకల్యానికి 840 రూపాయలు. అందులో కుడిచేయికి 588, ఎడమచేయికి 504, చిటికెనవేలికి 42.

గాయపడిన దేహాన్ని రూపాయల్లోకి మార్చే ఈ పద్ధతిలో కొలవబడుతున్నది అవయవమా, ఆ అవయవంతో సాగే జీవికా అన్న ప్రశ్నను చట్టం ఎన్నడూ స్పష్టంగా తేల్చలేదు. గత నూరేళ్ల సవరణలూ తీర్పులూ అధికభాగం ఈ అస్పష్టత చుట్టూనే తిరిగాయి.

అవయవాన్ని బట్టి తారతమ్యం చూపడం భారతీయ ధర్మశాస్త్ర సంప్రదాయానికి కొత్త కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలోని దండపారుష్య ప్రకరణం చేయి, కాలు, దంతాలు విరిచినవారికీ, చెవి, ముక్కు కోసినవారికీ దండనలను వర్గీకరించింది. గాయపడినవాని చికిత్సకయ్యే వ్యయాన్ని గాయపరచినవాడే భరించాలని కూడా విధించింది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు చేశాడు. అందువల్ల ఈ వ్యవహార పరిభాషకు తెలుగులో కూడా దీర్ఘ చరిత్రే ఉంది. అయితే అక్కడి తారతమ్యం నేర తీవ్రతకు సంబంధించినది, దండన రాజుకు చెందేది. గాయపడినవాడు రేపటినుంచి ఏ పని చేసి బతుకుతాడన్నది అక్కడ లెక్కలోకి వచ్చే విషయం కాదు. ఆ ప్రశ్న పుట్టాలంటే యంత్రం, నెలజీతం, యజమాని అనే మూడూ ఒకచోట చేరాలి. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం మరణించినవారి కుటుంబాలకు మాత్రమే దావా హక్కు ఇచ్చింది. చేయి పోయి బతికిన కార్మికుని కోసం చట్టసభ ఒక చట్టం చేయడానికి ఆ తర్వాత దాదాపు 70 ఏళ్లు పట్టింది. అది కూడా కర్మాగారాలు, గనులు, రైల్వేలు, రేవులు మొదలైన కొన్ని రంగాలకే పరిమితమైంది. ఇంట్లో మగ్గం ముందు కూర్చునే చేనేత కార్మికుడూ, పొలంలో కూలీ దాని పరిధిలోకి రాలేదు. కుడి ఎడమల తేడాను అంత శ్రద్ధగా పాటించిన చట్టానికి, రెండు చేతులూ సమానంగా ఆడితే తప్ప సాగని నేతపని కనిపించకపోవడం గమనించదగినది.

1962 సవరణ ఈ షెడ్యూలును సమూలంగా మార్చింది. కుడి ఎడమల భేదం పోయింది. దాని స్థానంలో శరీర నిర్మాణశాస్త్రం వచ్చింది. భుజసంధి వద్ద చేయి తొలగిస్తే 90. భుజాగ్రం నుంచి మిగిలిన మొండెం 8 అంగుళాలకు తక్కువైతే 80. భుజాగ్రానికి 8 అంగుళాల దూరం మొదలు మోచేతి మొనకు దిగువన నాలుగున్నర అంగుళాల లోపు తెగితే 70. అరచేయి పోతే 60. బొటనవేలు 25 నుంచి 30కి పెరిగింది. చూపుడువేలికి 14, మధ్యవేలికి 12, ఉంగరపువేలికీ చిటికెనవేలికీ ఏడేసి. వేలిలో ఎన్ని కణుపులు పోతే ఎంత అన్న ఉపవిభాగాలూ వచ్చాయి. తర్వాతికాలంలో అంగుళాలు మెట్రిక్ కొలతలుగా మారినప్పుడు 8 అంగుళాలు 20.32 సెంటీమీటర్లయింది, నాలుగున్నర అంగుళాలు 11.43 అయింది. శస్త్రవైద్యుని రంపం రెండో దశాంశ స్థానం వరకూ లెక్కగా ఆగుతుందని ఏ చట్టకర్తా నమ్మి ఉండడు. కానీ ఇంతటి సూక్ష్మత పట్టికకు ఒక శాస్త్రీయ గాంభీర్యాన్ని ఇచ్చింది. దానిని ప్రశ్నించడం కష్టమైంది.

ఈ కొత్త పట్టిక బ్రిటన్‌లో రెండో ప్రపంచయుద్ధానంతరం పారిశ్రామిక గాయాల బీమా కింద అమలైన పట్టికను దాదాపు అడుగడుగునా పోలి ఉంటుంది. అక్కడ ఆ శాతాల అర్థం వేరు. గాయపడిన వ్యక్తిని అదే వయసులో ఉన్న ఆరోగ్యవంతునితో పోల్చి, శరీరశక్తి ఎంత తగ్గిందో వైద్య మండలి చెప్పేది. అతని వృత్తి ఏమిటి, ఆదాయం ఎంత అన్నవి ఆ శాతంలో కలిసేవి కావు. భారతీయ షెడ్యూలు అవే అంకెలను తీసుకొని పాత శీర్షికను యథాతథంగా ఉంచింది. దానితో శరీరశక్తి తగ్గుదలను కొలవడానికి ఏర్పడిన అంకెలు ఇక్కడ సంపాదనా సామర్థ్య నష్టం అన్న పేరుతో చలామణీ అయ్యాయి. 1962 సవరణను కార్మికుల పక్షాన ఒక ముందడుగుగా చెప్పుకోవడంలో తప్పులేదు. చాలా గాయాలకు శాతం పెరిగింది. కానీ తర్వాతి వివాదాల బీజం కూడా ఈ శీర్షికలోనే ఉంది.

ఆ వివాదాలలో ముఖ్యమైనది కోరాపుట్ జిల్లా జయపురంలో మొదలైంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1969 జులై 6న అక్కడి ఒక సినిమాహాలులో అలంకరణ పనిచేస్తున్న వడ్రంగి కిందపడ్డాడు. అతని ఎడమచేతిని మోచేయి దగ్గర తొలగించవలసి వచ్చింది. షెడ్యూలు ప్రకారం ఇది పాక్షిక వైకల్యమే. యజమాని వాదన కూడా అదే. కమిషనర్ మాత్రం ఒక్క చేతితో వడ్రం పని సాగదని, కాబట్టి నష్టం నూటికి నూరు శాతమని నిర్ణయించి 9,800 రూపాయల పరిహారం విధించాడు. సకాలంలో చెల్లించనందుకు జరిమానా, వడ్డీ అదనం. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ నిర్ణయాన్ని సమర్థించింది. ప్రమాద సమయానికి కార్మికుడు చేయగలిగిన పనులన్నిటికీ అతడిని అసమర్థుడిని చేసే వైకల్యమే సంపూర్ణ వైకల్యమని చట్టంలోని నిర్వచనం. న్యాయస్థానం పట్టికను పక్కనపెట్టి ఆ నిర్వచనాన్ని ఆశ్రయించింది. ఉలి ఒక చేత, సుత్తి ఒక చేత పట్టే మనిషికి 70 శాతం చేయి పోవడం అంటే మిగిలిన 30 శాతం పని చేతనవుతుందని అర్థం కాదు. తర్వాతి దశాబ్దాలలో ఈ తీర్పు పరిహారం ఏ తేదీ నుంచి బాకీ పడుతుందన్న అంశంపైనే ఎక్కువగా ఉదహరింపబడింది. వైకల్యం గురించి అది చెప్పిన మాటకు రావలసినంత ప్రాచుర్యం రాలేదు.

1984 సవరణ మరో మలుపు. షెడ్యూలులో లేని గాయాలకు సంపాదనా సామర్థ్య నష్టాన్ని అర్హుడైన వైద్యుడు నిర్ణయించాలని, అలా నిర్ణయించేటప్పుడు షెడ్యూలులోని శాతాలను దృష్టిలో ఉంచుకోవాలని చట్టం చెప్పింది. విరిగిన ఎముక ఎంత అతికింది, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుంది అన్నవి వైద్యునికి తెలుస్తాయి. బరువులు మోసే హమాలీకి, గుమాస్తాకు ఆ కీలుతో ఉన్న అవసరాలు ఒకటి కావన్నది వైద్యశాస్త్రం చెప్పే సంగతి కాదు. అయినా ధ్రువపత్రంలో రాసే శాతం ఆ రెండింటికీ జవాబుగా నిలవవలసి వచ్చింది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లలో ఇదే చిక్కు మరింత పెద్దదైంది. అక్కడ షెడ్యూలు బలం లేదు. వైద్యుని పత్రమే ఆధారం. ఒక కాలికి 45 శాతం అని రాసిన పత్రాన్ని మొత్తం శరీరానికి 45 శాతంగా, ఆదాయానికి 45 శాతం నష్టంగా చదివే అలవాటు ఏర్పడింది. 2010 అక్టోబరులో న్యాయమూర్తి ఆర్.వి. రవీంద్రన్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఈ మూడింటినీ విడదీసింది. అవయవ వైకల్యం ఒకటి, శరీరం మొత్తానికి దాని ప్రభావం ఒకటి, సంపాదనపై ప్రభావం వేరొకటి. మొదటి రెండింటి గురించి వైద్యుడు సాక్ష్యమివ్వగలడు. మూడోది బాధితుని వృత్తి, వయసు, అతడు ఇంకా చేయగలిగిన పనులు చూసి ట్రిబ్యునలే తేల్చాలి. ఎడమచేయి పోతే డ్రైవరుకూ వడ్రంగికీ నష్టం దాదాపు సంపూర్ణమని, గుమాస్తా ఉద్యోగంలోనే కొనసాగితే ఆదాయ నష్టం ఉండకపోవచ్చునని తీర్పులోని ఉదాహరణ. చికిత్స చేయకుండానే ఉదారంగా పత్రాలిచ్చే వైద్యుల విషయంలో జాగ్రత్త అవసరమనీ అది హెచ్చరించింది. ఆ కేసులో కాలికి 45 శాతం వైకల్యం ఉన్నా ఆదాయ నష్టాన్ని కోర్టు 20 శాతంగానే లెక్కించింది. జయపురం వడ్రంగికి శాతాన్ని పెంచిన తర్కమే ఇక్కడ తగ్గించడానికీ ఉపయోగపడింది. బీమా సంస్థల న్యాయవాదులు మొదటిదానికన్నా రెండోదాన్ని ఎక్కువ ఇష్టపడడంలో ఆశ్చర్యం లేదు. ఈ లెక్కంతా జీతపు చీటీ ఉన్నవానికి కుదురుతుంది. ఇంటిపని చేసే స్త్రీకి చేయి విరిగినప్పుడు ఏ వృత్తిని ప్రాతిపదికగా తీసుకోవాలన్నది అంత తేలిక కాదు.

తెలుగులో ఈ సమస్యకు భాషాపరమైన పార్శ్వం కూడా ఉంది. వికల శబ్దానికి 'కళ', అంటే భాగం, లోపించినదని అర్థం. వైకల్యం దాని భావరూపం. కాబట్టి ఆ మాట పుట్టుకతోనే అవయవ లోపాన్ని చెబుతుంది. అవయవ నష్టం, క్రియా నష్టం, సంపాదనా నష్టం అనే మూడింటికీ వాడుకలో అదే పదం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై నేడు రెండు రాష్ట్రాలలోనూ జనం నోట నానుతున్న సదరం ధ్రువపత్రం ఈ కలగలుపును మరింత పెంచింది. అందులోని శాతం పింఛను వంటి సంక్షేమ ప్రయోజనాలకు ఉద్దేశించినది, 40 లేదా అంతకు మించితే అర్హత. ఆ పత్రాన్నే పరిహారం కేసులో దాఖలు చేసినప్పుడు, 40 అన్న అంకె పింఛను కార్యాలయంలో ఒక అర్థం, సహాయ కార్మిక కమిషనర్ ఎదుట మరొక అర్థం ఇవ్వవలసి ఉంటుంది. పత్రం పట్టుకొని వచ్చిన తాపీ మేస్త్రీకి మాత్రం రెండు చోట్లా తెలిసిన మాట ఒక్కటే: చెయ్యి పైకి లేవడం లేదు.