ప్రోగ్రామింగ్ బోధన, మెదడు శాస్త్రం

కొత్తగా నేర్చుకునేవారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పనిచేసే తీరును బట్టి ప్రోగ్రామింగ్ పాఠాలను మలచే ప్రయత్నాలకు సుమారు అర్ధశతాబ్ది చరిత్ర ఉంది. జ్ఞాపక సాధన మాత్రం అంతకన్నా చాలా పాతది. హైదరాబాదు పాతబస్తీలో, 1870లలో మొదలైన జామియా నిజామియా వంటి మదర్సాల సంప్రదాయంలో, ఖురాన్ కంఠస్థం మూడు పొరలుగా సాగుతుంది: ఆ రోజు కొత్త పాఠం సబక్, ఈమధ్య నేర్చినది తిరిగి అప్పజెప్పడం సబ్‌ఖీ, పాతదంతా వంతులవారీగా వల్లించడం మంజిల్. చదివింది మళ్లీ చదవడం కన్నా గుర్తుచేసుకుని అప్పజెబితేనే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రయోగపూర్వకంగా చూపారు. మదర్సా క్రమశిక్షణలోని లోతైన వివేకాన్ని ఈ ఫలితం బలపరుస్తుంది.

మనసులో ఒకేసారి నిలిచే విషయాలు ఏడుకు అటూఇటూ మాత్రమేనని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. 1973లో ఛేజ్, సైమన్ చదరంగం ఆటగాళ్లను పరిశీలించి, నిపుణులు పావులను విడివిడిగా కాక గుంపులుగా గుర్తుంచుకుంటారని తేల్చారు. ప్రోగ్రామింగ్ కొత్తవారి ఇబ్బందికి కారణం ఇక్కడే ఉంది. అనుభవజ్ఞుడికి ఒక లూప్ ఒకే ముద్ద. కొత్తవాడికి అందులోని చలరాశి, షరతు, సెమీకోలన్ అన్నీ వేర్వేరు బరువులు. ఈ బరువును తగ్గించే మార్గాలూ ఉన్నాయి. సాధించిన లెక్కలను ముందు చదివిన విద్యార్థులు తర్వాతి లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేశారని 1985లో స్వెల్లర్, కూపర్ బీజగణితంలో నిరూపించారు. కలగాపులగమైన కోడ్ వరుసలను సరిగ్గా పేర్చమనే పార్సన్స్ అభ్యాసాలు 2006లో వచ్చాయి.

మెదడు చిత్రణ ఈ కథలోకి ఆలస్యంగా ప్రవేశించింది. 17 మంది కోడ్ చదువుతుండగా ఎఫ్ఎంఆర్ఐ తీసిన యానెట్ సీగ్‌మండ్ బృందం పత్రం 2014లో హైదరాబాదులోనే, అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో వెలువడింది. అందులో పని జ్ఞాపకం (విషయాలను కొద్దిసేపు మనసులో నిలిపే శక్తి), ఏకాగ్రత, భాషలకు సంబంధించిన అయిదు ప్రాంతాలు చురుగ్గా కనిపించాయి. 2020లో ఇవనోవా బృందం మాత్రం కోడ్ చదవడంలో ప్రధాన భారం భాషా వ్యవస్థది కాదని, బహుముఖ తర్క వ్యవస్థదని చెప్పింది. అలాగైతే బోధనా భాష ముఖ్యం కాదని వాదించవచ్చు. కానీ ఆ పరిశోధన కోడ్ తెలిసినవారిపై జరిగింది. అదే ఏడాది షాంటెల్ ప్రాట్ బృందం పైథాన్ కొత్తగా నేర్చుకునే పెద్దలను పరిశీలించగా, నేర్చుకున్న ఫలితాల్లోని తేడాల్లో సగటున భాషాసామర్థ్యం వాటా 17 శాతం, గణితసామర్థ్యం వాటా 2 శాతం మాత్రమే.

కంఠస్థంతో ఆలోచన రాదన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఇక్కడ కంఠస్థం ఆలోచనకు బదులు కాదు. కోడ్‌లోని మాటల రూపాలు నోటికి వస్తే, పని జ్ఞాపకం సమస్యకు మిగులుతుంది. ఉర్దూలోనో తెలుగులోనో ఆలోచించే పాతబస్తీ విద్యార్థి ఇంగ్లీషు కీలకపదాలను కూడా అదే సమయంలో మోయాలి కనుక, ఈ పొదుపు అతనికి మరింత అవసరం. కంప్యూటర్ శాస్త్రవేత్త ఫెలీన్ హెర్మన్స్ 2020లో విడుదల చేసిన ప్రోగ్రామింగ్ భాష హెడీ ఈ దిశలోనే వ్యాకరణాన్ని మెట్లుమెట్లుగా పరిచయం చేస్తూ, కీలకపదాలను పలు భాషల్లో రాయనిస్తుంది.