తట్ట మోసిన చేతికి తాపీ ఎప్పుడు? వయోజనుల వృత్తి శిక్షణ చరిత్రలో దళితుల చోటు

దళితులు కూలి దగ్గరే ఎందుకు ఆగిపోయారు అని అడిగితే ప్రభుత్వ నివేదికల దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వాళ్ళకు నైపుణ్యం లేదు, శిక్షణ ఇస్తే వస్తుంది అంటారు. అభ్యుదయవాదులు కూడా ఈ మాటను పెద్దగా తర్కించకుండానే ఒప్పుకుంటారు. మనం మాత్రం దీన్ని అట్లాగే తీసుకోవడానికి వీల్లేదు. నైపుణ్యం లేదని తేల్చింది ఎవరు, ఏ కొలతతో? బడి వయసు దాటిన మనిషికి ఇనుప పని, కర్ర పని, తాపీ పని నేర్పే ఏర్పాటు ఈ దేశంలో ఎప్పుడు, ఎవరి కోసం పుట్టింది? మన వాడల దాకా వచ్చేసరికి దాని తలుపు ఎందుకు మూసుకుంది? ఈ చరిత్రను చూస్తే ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. రాజ్యానికి చేతులు అవసరమైనప్పుడు పెద్దవాళ్ళకు నెలల్లోనే పని నేర్పింది. ఆ అవసరం తీరాక చదువు కాగితం అడిగింది. కులం వల్ల పని నేర్చుకోలేకపోయిన వాళ్ళ కష్టాన్ని ఎన్నడూ అత్యవసరంగా లెక్కపెట్టలేదు.

కూలి వేరు, పనివాడు వేరు

ఊళ్ళో పని నేర్చుకోవడం అంటే పుట్టుకే. వడ్రంగం, కమ్మరం, శిల్పం విశ్వబ్రాహ్మణుల ఇళ్ళల్లో తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళాయి. రాయి కొట్టడం, మట్టి తవ్వడం వడ్డెర్లది. మాదిగల దగ్గర తోలు శాస్త్రం ఉంది. సున్నం, తంగేడు చెక్క, కరక్కాయలతో పచ్చి తోలును పదును చేయడం రోజుల తరబడి లెక్క తప్పకుండా చేయాల్సిన పని. అయినా దాన్ని ఎవరూ నైపుణ్యం అనలేదు, మైల అన్నారు. మాలలు నేసేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, మోట తోలేవాళ్ళు. వాళ్ళ పనులకు కూడా ఆ పేరు రాలేదు. అంటే నైపుణ్యం అనే మాట పనిని బట్టి కాక చేసేవాళ్ళను బట్టి వచ్చింది.

ఆధునిక ప్రభుత్వం ఈ గీతను చెరిపేయలేదు, దాని మీద ముద్ర కొట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో నిమ్న జాతుల ఉద్ధరణను 1920 నుంచి లేబర్ కమిషనర్‌కు అప్పగించారు. ఇళ్ళ స్థలాలు, బావులు, బడులు ఆ శాఖ నుంచే వచ్చాయి. ఆ మేలును కాదనం. కానీ పేరును గమనించాలి. దళితుడు అంటే లేబర్, లేబర్ అంటే దళితుడు అనే సమీకరణం సర్కారు ఫైళ్ళలోనే స్థిరపడింది.

ఫ్యాక్టరీ వస్తే కులం పోతుందనే వాదం ఒకటి ఉంది. బొంబాయి బట్టల మిల్లులు దానికి జవాబు చెప్పాయి. అక్కడ అంటరానివాళ్ళకు స్పిన్నింగు శాఖలో పని దొరికేది గానీ ఎక్కువ కూలి వచ్చే నేత శాఖలోకి రానిచ్చేవాళ్ళు కాదు. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు పోగును నోటితో పీల్చి లాగాల్సి ఉండేది. ఒకరు నోరు పెట్టిన నాడెను ఇంకొకరు ముట్టాలి కాబట్టి మైల వస్తుందని తోటి కార్మికులే అడ్డుపడ్డారు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ సంగతిని యూనియన్ నాయకుల ముందు నిలబెట్టి, దీన్ని కూడా డిమాండ్లలో చేర్చమని పట్టుబట్టారు. మిల్లులో నేత నేర్పే బడి లేదు. మగ్గం పక్కన నిలబడి చూస్తేనే పని వచ్చేది. మగ్గం దగ్గర నిలబడనివ్వకపోతే పని రాదు. పని రాలేదు కాబట్టి నైపుణ్యం లేదు అంటారు. ఈ వలయాన్ని గుర్తుపెట్టుకుంటే మిగిలిన చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

యుద్ధం తెరిచిన తలుపు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయుధ కర్మాగారాలకు ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు వేల సంఖ్యలో కావాల్సి వచ్చారు. 1940లో సాంకేతిక సిబ్బంది మీద ఆర్డినెన్సు తెచ్చారు. యుద్ధ పనివాళ్ళకు శిక్షణ పథకం మొదలైంది. ఇంజనీరింగ్ కాలేజీల వర్క్‌షాపులు, రైల్వే వర్క్‌షాపులు శిక్షణ కేంద్రాలయ్యాయి. స్టైపెండు ఇచ్చి నేర్పారు. 1941 నుంచి బెవిన్ పథకం కింద మన కార్మికులు కొందరిని బ్రిటన్ ఫ్యాక్టరీలకు పంపి తర్ఫీదు ఇప్పించారు. తరతరాల వారసత్వం ఉంటేనే వస్తుందనుకున్న పనిని నెలల్లో నేర్పవచ్చని ప్రభుత్వమే తన ఖర్చుతో రుజువు చేసింది. మన దృష్టిలో ఈ పథకం అసలు విలువ ఇదే.

1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. ఈ సాంకేతిక శిక్షణ వ్యవహారం ఆయన శాఖ కిందికే వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డు కులాల కష్టాల మీద వైస్రాయికి ఆయన ఇచ్చిన వినతిపత్రం మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ చదవాల్సినది. ఉద్యోగాల్లో వాటా, విదేశీ చదువులకు సాయం అడిగిన సంగతి అందరికీ తెలుసు. అందులోనే ఆయన సాంకేతిక శిక్షణ గురించీ అడిగారు. ప్రభుత్వ ముద్రణాలయాల్లోనూ రైల్వే వర్క్‌షాపుల్లోనూ షెడ్యూల్డు కులాల పిల్లలను అప్రెంటిసులుగా తీసుకోవాలన్నారు. మరుసటి ఏడాది ఉద్యోగాల్లో 8.33 శాతం వాటా వచ్చింది. చదువులకు స్కాలర్‌షిప్పులూ వచ్చాయి. మన జ్ఞాపకాల్లో ఆ రెండే మిగిలాయి. వర్క్‌షాపు మాట వెనక్కి పోయింది. దళిత ఉద్యమం ఆఫీసు కుర్చీ కోసం కొట్లాడినంతగా వర్క్‌షాపు బెంచీ కోసం కొట్లాడలేదు. ఇది నింద కాదు, వెతకాల్సిన ప్రశ్న.

యుద్ధం ముగిశాక 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ పుట్టింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు దాని కిందే వచ్చాయి. శిక్షణ కేంద్రాలు సైన్యం నుంచి తిరిగొచ్చిన వాళ్ళకు పని నేర్పాయి. 1947 తర్వాత దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన శరణార్థులకు నేర్పాయి. నేర్పాల్సిందే. కానీ తరాల తరబడి సొంత ఊళ్ళోనే శరణార్థులుగా బతికిన వాళ్ళ కోసం అట్లాంటి ప్రత్యేక ఏర్పాటు జరగలేదు.

కాగితం వచ్చింది

1950లో క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం మొదలైంది. నేటి ఐటిఐలకు పునాది అదే. 1956లో ఈ సంస్థల నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఇక్కడ అసలు మార్పు ఏమిటంటే, శిక్షణ పెద్దవాళ్ళ నుంచి బడి నుంచి వచ్చే కుర్రవాళ్ళ వైపు జరిగింది. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడ్లకు 10వ తరగతి అడిగారు. వెల్డరు, వైర్‌మన్, కార్పెంటర్ లాంటి వాటికి 8వ తరగతి. మనకు రిజర్వేషన్ ఉంది, నిజమే. ఆ రిజర్వేషన్ తోనే ఎన్నో ఇళ్ళల్లో మొదటి నెలజీతం చూశారు. కానీ 4వ తరగతిలో బడి మానేసి 30 ఏళ్ళకు నలుగురు పిల్లలతో కూలికి పోయే మనిషికి ఆ గేటు దగ్గర పని లేదు. రిజర్వేషన్ ఆ మనిషి కులాన్ని గుర్తించింది గానీ, ఆ కులం వల్లే చదువు ఆగిపోయిందనే సంగతిని గుర్తించలేదు.

అప్రెంటిసుల చట్టం 1961లో వచ్చింది. అందులో షెడ్యూల్డు కులాలకు, తెగలకు శిక్షణ స్థానాలు కేటాయించే సెక్షన్ ఉందని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం. అది అసలు చట్టంలో లేదు, 1973 సవరణతో చేరింది. అంబేద్కర్ 1942లో అడిగిన దానికి చట్టంలో చోటు దొరకడానికి 31 ఏళ్ళు పట్టింది.

1979 ఆగస్టు 15న గ్రామీణ యువత కోసం ట్రైసెమ్ వచ్చింది. 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకు, స్టైపెండుతో, పనిముట్ల సాయంతో. షెడ్యూల్డు కులాలు, తెగలకు వాటా పెట్టారు, తర్వాత ఆ వాటాను సగానికి పెంచారు. స్వాతంత్ర్యం తర్వాత వాడలోని పెద్ద వయసు మనిషిని పేరు పెట్టి పిలిచిన శిక్షణల్లో ఇది ముఖ్యమైంది. కానీ దాని లక్ష్యం స్వయం ఉపాధి. నేర్చుకున్నాక సొంతంగా షాపు పెట్టాలి. షాపుకు జాగా కావాలి, బ్యాంకు అప్పు కావాలి, బజారులో మన చేతి వస్తువు కొనే మనిషి కావాలి. ఈ మూడింటి దగ్గరా కులం కూర్చొని ఉంది. శిక్షణ ఇచ్చిన రాజ్యం ఆ మూడు చోట్లా కులంతో తలపడలేదు. 1999 ఏప్రిల్‌లో ట్రైసెమ్‌ను స్వర్ణజయంతి పథకంలో కలిపేశారు.

తాపీ ఎవరి చేతికి

ఇక బడి లేని శిక్షణ సంగతి. కోస్తాలో తాపీ మేస్త్రీ అంటారు, తెలంగాణలో సుతారి అంటారు. ఈ మనిషిని తయారుచేసింది ఎక్కువగా పని జరిగే చోటే. ముందు ఇసుక జల్లెడ పట్టాలి, తర్వాత మాలు కలపాలి, తట్ట అందించాలి. కొన్నేళ్ళకు మేస్త్రీ దయతలిస్తే ఇటుక పెట్టనిస్తాడు. తర్వాత గోడ మూల, ఆ తర్వాత ప్లాస్టరింగు. ఈ మెట్ల మధ్య పరీక్ష లేదు, రాసిన నియమం లేదు, మేస్త్రీ ఇష్టమే నియమం. మేస్త్రీ ఎవరికి తాపీ ఇస్తాడు? బామ్మర్దికి, అక్క కొడుక్కి, సొంత వాడ పిల్లగాడికి. అందుకే ఒక వాడలో ఒక్కడు మేస్త్రీ అయితే పదేళ్ళలో ఆ వాడంతా తాపీ పడుతుంది. ఒక్కడు కూడా కాని వాడ తరాల తరబడి తట్ట దగ్గరే ఉంటుంది. మా నాయన రెండో రకం వాడలో పుట్టాడు. ముప్పయ్యేళ్ళు మాలు కలిపాడు. ఏ గోడకు ఎన్ని పాళ్ళ సిమెంటు, ఎంత ఇసుక, నీళ్ళు ఎప్పుడు కొట్టాలి అనేది మేస్త్రీ కూడా ఆయన్నే అడిగేవాడు. కూలి లెక్కలో మాత్రం చివరిదాకా హెల్పరే.

కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. దాని కింద వచ్చిన నోటిఫికేషన్లలో నైపుణ్యం ఉన్నవాళ్ళు, సగం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని వరసలు కట్టారు. ఒక వరస నుంచి పై వరసకు మనిషి ఎట్లా ఎక్కాలో మాత్రం చెప్పలేదు.

పాలమూరు కూలీల చరిత్ర దీనికి పెద్ద ఉదాహరణ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. యంత్రాల కంటే మనుషుల చేతుల మీద ఎక్కువ ఆధారపడి లేచిన రాతి కట్టడం అది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వెళ్ళిన జనం ఇట్లాంటి ప్రాజెక్టుల మీద దేశమంతా తిరిగారు. గుంపు మేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, అప్పు తీరేదాకా జంటలకు జంటలను కదిలించుకొని పోయేవాడు. ఆనకట్టలు కట్టిన అనుభవం ఈ దేశంలో వీళ్ళకంటే ఎవరికి ఎక్కువ? అయినా ఆ అనుభవానికి కాగితం లేదు. అప్పు కాగితం మాత్రం ఉంది.

ఆడవాళ్ళ స్థితి ఇంకా దారుణం. మగవాడు హెల్పరుగా మొదలై ఎప్పటికో మేస్త్రీ కావచ్చు. దళిత స్త్రీ తట్టతో మొదలై తట్టతోనే ముసలిదవుతుంది. పరంజా మీదికి తట్ట అందించడానికి ఆమె ఎక్కవచ్చు, ఇటుక పెట్టడానికి మాత్రం ఎక్కకూడదు. ఇది ఒంటి బలం సంగతి కాదు, ఎందుకంటే తాపీ కంటే తట్టే బరువు. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణం జోరుగా సాగిన రోజుల్లో మగ మేస్త్రీలు చాలక ఆడవాళ్ళకు పని నేర్పారు, రాణీ మిస్త్రీలు అన్నారు. మళ్ళీ అదే సూత్రం. అవసరం పడేసరికి నేర్పడం వీలైంది.

సర్టిఫికెట్ల కాలం

1998లో హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఏర్పడింది. ఆ ఏడాదే అక్కడికి దగ్గర్లో హైటెక్ సిటీ మొదటి భవనం ప్రారంభమైంది. తాపీ, ప్లంబింగు, వెల్డింగు, కరెంటు పనుల్లో స్వల్పకాల కోర్సులు వచ్చాయి. మన పిల్లలు ఎందరో అక్కడ నేర్చుకున్నారు. 2015 తర్వాత కేంద్ర ప్రభుత్వ కౌశల్ పథకంలో ఇంకో మార్గం చేరింది. ముందే పని తెలిసిన మనిషిని కొద్ది గంటల పరిచయ తరగతి తర్వాత పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. గ్రామీణ ఆవాస్ పథకంలో 45 రోజులు నిజమైన ఇల్లు కడుతూ తాపీ నేర్పే కార్యక్రమమూ వచ్చింది.

నేర్చిన పనిని గుర్తించడం అనే ఆలోచన మనదే. దాన్ని స్వాగతించాలి. అయితే రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఆ కాగితం చూసి కూలి పెంచాల్సిన బాధ్యత ఎవరి మీద ఉంది? కాంట్రాక్టరు మేస్త్రీతో మాట్లాడతాడు, మేస్త్రీ మనుషులను తెస్తాడు. అడ్డా మీద పొద్దున్నే సర్టిఫికెట్ చూసేవాడు లేడు. రెండు, ఈ పరీక్షల్లో తట్ట వరస నుంచి తాపీ వరసకు ఎక్కిన వాళ్ళు ఎందరు? అప్పటికే తాపీ పట్టిన వాడికి కాగితం ఇవ్వడం వేరు, తట్ట మోసేవాళ్ళకు తాపీ ఇవ్వడం వేరు. మొదటిది లెక్కలు పెంచుతుంది, రెండోది కులాన్ని కదిలిస్తుంది.

కాగితం వల్ల ఏమొస్తుంది, పని వస్తే చాలదా అనే మిత్రులున్నారు. గల్ఫ్ విమానం ఎక్కబోయిన వాళ్ళను అడగండి. 1983 వలస చట్టం కింద 10వ తరగతి పాసైన వాడి పాస్‌పోర్టు ఒక రకం, కానివాడిది ఇంకో రకం. రెండోవాడు ముందుగా అనుమతి తీసుకోవాలి. కూలీల రక్షణ కోసమే పెట్టారంటారు. కరీంనగర్ నుంచి పోయే సుతారి ఇరవై ఏళ్ళ పనితనం ఆ దొంతరలో ఎక్కడా కనబడదు, బడి సర్టిఫికెట్టే కనబడుతుంది.

కాబట్టి మన డిమాండు శిక్షణ కావాలి అనే దగ్గర ఆగకూడదు. చదువుతో ముడిపెట్టకుండా పని జరిగే చోటే నేర్పాలి. నేర్చుకునే రోజుల్లో పోయే కూలిని పూర్తిగా ఇవ్వాలి, ఎందుకంటే పస్తులుండి ఎవరూ పని నేర్చుకోరు. ప్రభుత్వ డబ్బుతో జరిగే ప్రతి కట్టడంలో హెల్పర్ల నుంచి, అందులోనూ ఆడవాళ్ళ నుంచి, ఇందరిని మేస్త్రీలుగా తేల్చాలని కాంట్రాక్టు షరతుల్లోనే రాయాలి. ఏ పథకంలో ఏ కులం వాళ్ళు ఏ ట్రేడు నేర్చుకున్నారో, తర్వాత వాళ్ళ కూలి ఎంత పెరిగిందో లెక్కలు బయట పెట్టాలి.

పరిశోధకులుగా మన వంతు కూడా ఉంది. సాగర్ మీద, ఫ్యాక్టరీ షెడ్లలో, నగరాల అపార్ట్‌మెంట్ల మీద పనిచేసిన పెద్దవాళ్ళు ఇంకా మన వాడల్లో ఉన్నారు. పని ఎట్లా నేర్చుకున్నారో, ఎవరు నేర్పలేదో, ఏ మెట్టు దగ్గర ఆపేశారో వాళ్ళ నోటితో చెప్పించి రాసుకోవాలి. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.